పలక ఎవరు మూయాలి

ఆ ఇంట్లో ఇటుక పొయ్యిని ఉదయం ఒకసారి వెలిగించేవారు. బర్చ్ కట్టెలు ఒక్క విడత మండితే చాలు, ఇటుకలు మర్నాటి దాకా వేడి ఇస్తాయి. నిప్పు ఆరాక పొగగొట్టంలోని ఇనప పలకను మూయాలి. ఆలస్యమైతే వేడంతా గొట్టం గుండా పోతుంది. ముందుగా మూస్తే బొగ్గుల్లోంచి వచ్చే విషవాయువు గదిలో నిలిచిపోతుంది. దానికి వాసన ఉండదు. ఉత్తరాది మంచుసీమ కైనూలో ఈ సంగతి పిల్లలకు కూడా తెలుసు.

ఇంటి పెద్దావిడ హిల్యాకూ తెలుసు. అయినా బొగ్గులు ఎర్రగా ఉండగానే పారతో బూడిద కప్పి పలకను లోపలికి తోసేది. యుద్ధంలో భర్త పోయాక కట్టెలు తానే కొట్టుకుని కొడుకును పెంచిన మనిషి. ఆ పలకను ఇంకెవరూ ముట్టుకోవడానికి లేదు.

కొడుకు తౌనో అడవిలో చెట్లు కొట్టేవాడు. చీకటితో వెళ్లి చీకటి పడ్డాక వచ్చేవాడు. ఆదివారాలు గడ్డకట్టిన చెరువు మీద చేపలు పట్టడానికి పోయేవాడు. పగలు ఇంట్లో ఉండేది అత్తాకోడళ్లే. కోడలు సైమి పొయ్యి పక్కన మగ్గం పెట్టుకుని తివాచీలు నేసేది. పెళ్లయిన మొదటి చలికాలంలోనే ఆమెకు తలనొప్పి మొదలైంది. పశువుల కొట్టంలోకి వెళ్తే తగ్గేది, తిరిగొచ్చి మగ్గం ముందు కూర్చుంటే మళ్లీ వచ్చేది. ఒకరోజు కళ్లు తిరిగి మగ్గం మీద పడింది.

"అత్తయ్యా, మీరు పలక తొందరగా మూస్తున్నారు," అంది లేచాక.

"నువ్వు పుట్టకముందు నుంచీ మూస్తున్నాను."

"తల పగిలిపోతోంది."

"నాకూ నొస్తుంది. మా అమ్మకూ నొచ్చేది. చలికాలమంటే అంతే. నొస్తోందని మేమెవరం మంచమెక్కలేదు."

సాయంత్రం తౌనో వచ్చాక సైమి అతనితో చెప్పింది. "మీ అమ్మ పైన బూడిద కప్పి పలక మూసేస్తోంది. నేను కదిపి చూశాను. కింద నిప్పు కణకణలాడుతోంది."

తౌనో బూట్లు విప్పుకుంటున్నాడు. "నేను పెరిగింది ఈ ఇంట్లోనే. చచ్చానా?"

"ఒక్కసారి చెప్పు. నువ్వు చెబితే వింటుంది."

"కట్టెలు చీల్చే కష్టం తెలిస్తే నువ్వీ మాట అనవు."

ఆ ఏడు కట్టెలు చీల్చింది సైమి.

పొరుగింటి మార్తా కాఫీకి వచ్చినప్పుడు హిల్యా అంది, "మా కోడలికి రెండు ఉద్యోగాలమ్మా. మగ్గం ఒకటి, తలనొప్పి ఒకటి. రెండోదానికి సెలవుల్లేవు." మార్తా నవ్వింది. సైమి ఇద్దరికీ కాఫీ పోసింది.

ఫిబ్రవరిలో హిల్యా చెల్లెల్ని చూడటానికి కయానీ పట్నం వెళ్లింది. ఆమె లేనన్నాళ్లూ పలక సైమి చూసుకుంది. బొగ్గులు నల్లబడేదాకా ఆగి మూసింది. ఒక్క పూట కూడా తల నొవ్వలేదు. ఈ రుజువు చాలుననుకుని, అత్త తిరిగొచ్చే ముందు రోజు భర్తతో చెప్పింది.

తౌనో సూప్ తాగడం ఆపాడు. "అంటే నీ తలనొప్పి మా అమ్మన్నమాట."

"నేనంటున్నది పలక."

"అమ్మ లేకపోతే నీకు హాయిగా ఉంది. అర్థమైందిలే."

ఆ తర్వాత సైమి ఆ ఊసెత్తలేదు. తల నొచ్చినప్పుడు కొట్టంలోకి వెళ్లి ఆవు పక్కన నిలబడేది. ఓసారి కిటికీ తెరిస్తే హిల్యా వచ్చి మూసింది. "అడవిని కూడా వెచ్చబెడతావా?" అంది.

మార్చిలో కొమ్మ విరిగి తౌనో వీపు మీద పడింది. కదలకూడదన్నాడు డాక్టరు. వెచ్చగా ఉంటుందని మంచం పొయ్యి దగ్గరకు జరిపారు. మర్నాడు మధ్యాహ్నం కాకముందే తౌనో నుదురు పట్టుకున్నాడు.

"అమ్మా, గాలి బాలేదిక్కడ. తల పగిలిపోతోంది. ఆ పలక తెరువు."

అతని మాట పూర్తి కాకముందే హిల్యా లేచింది. పలక లాగింది, కిటికీలన్నీ తెరిచింది, తడిగుడ్డ తెచ్చి కొడుకు నుదుటి మీద వేసింది. "ముందే చెప్పొద్దూ నా తండ్రీ," అంది. ఆ సాయంత్రం కోడలితో అంది, "అమ్మాయ్, ఇకమీదట పలక నువ్వు చూడు. నా కళ్లకు బొగ్గు ఆనడం లేదు."

హిల్యా కొట్టంలోకి వెళ్లాక సైమి మంచం దగ్గర నిలబడింది.

"నేను చలి మొదలైన దగ్గర్నుంచీ చెబుతున్నాను."

"నువ్వు చెప్పింది వేరు."

"ఏం చెప్పాను?"

తౌనో గోడవైపు తిరగబోయాడు. వీపు తిరగనివ్వలేదు. "నువ్వు అమ్మ మీద చెప్పావు. నేను గాలి గురించి చెప్పాను."

మర్నాటి నుంచి పలక సైమిది. బయట చలి ఇంకా తగ్గలేదు. కట్టెలు మండిపోయాయి, బొగ్గులు నల్లబడ్డాయి. సైమి పలక మూయలేదు. వేడి గొట్టం గుండా పోతూనే ఉంది. హిల్యా శాలువా మీద శాలువా కప్పుకుంది.

"ఇంకా మూయలేదేం అమ్మాయ్? పొయ్యి చల్లారిపోతోంది."

"నిప్పుంది అత్తయ్యా."

హిల్యా కొడుకు వైపు చూసింది. తౌనో మెడదాకా దుప్పటి లాక్కుని పొయ్యి నోట్లోకి చూశాడు. అతనికి బూడిద తప్ప ఏమీ కనిపించలేదు.

"సైమీ, ఇక మూయొచ్చేమో."

"లోపల ఉంది. అక్కణ్ణుంచి నీకు కనిపించదు. నా మాట నమ్మాలి."

 హిల్యా వెళ్లి ఉన్ని తొడుగులు తెచ్చి చేతులకు వేసుకుంది. సైమి మగ్గం ముందు కూర్చుని నేత మొదలుపెట్టింది. ఆమె వేళ్లు కూడా చలికి కొంకర్లు పోతున్నాయి.