పేరు లేని రెండో ఎంట్రీ

ఆ ఆసుపత్రిలో అతన్ని అందరూ తాళం అనేవాళ్ళు. ముఖం మీదే అన్నా కోపం తెచ్చుకునేవాడు కాదు, పైగా లోలోపల మురిసిపోయేవాడు. ఊరికే రాలేదు మరి ఆ పేరు.

అక్కడ మూడో అంతస్తులో ప్రాణం మీదికొచ్చిన రోగుల్ని ఉంచే వార్డు ఒకటుంది. ఒక్కో రోగిని చూడటానికి ఇద్దరికే పాసులివ్వాలని రూలు. రూలు గోడ మీద ఉండేది, జనం వార్డులో ఉండేవాళ్ళు. పాసుల కిటికీలో కూర్చునే పాత గుమాస్తాది వెన్నలాంటి మనసు, ఎవరు కళ్ళు తుడుచుకుంటే వాళ్ళకి పాసు రాసిచ్చేసేవాడు. మంచాల మధ్య నర్సులు నడవడానికి దారి లేకుండా పోయింది. బయటి రోగాలు లోపలికొచ్చి, లేచి ఇంటికి పోవాల్సినవాళ్ళు కూడా ప్రాణాలు వదిలారు. కాబట్టి రూలు తప్పని ఎవరూ అనలేరు. సూపరింటెండెంటుకి తల ప్రాణం తోకకొచ్చి, ఒకరోజు కంప్యూటర్ సెక్షన్లో ఉన్న మనవాణ్ణి పిలిపించాడు. మనిషైతే జాలిపడతాడయ్యా, వద్దనే పనేదో కంప్యూటర్‌కే అప్పజెప్పు అన్నాడు.

మనవాడు అప్పజెప్పాడు. ఒక డేటాబేస్ తయారుచేశాడు. తెర మీద ఒక ఫారం వస్తుంది. పై సగంలో రోగి పేరు, మంచం నంబరు ఉంటాయి. కింది సగంలో ఆ ఫారంలోనే ఇమిడిపోయిన చిన్న ఫారం ఒకటి, సబ్‌ఫారం అంటారు దాన్ని. చూడవచ్చేవాళ్ళ పేరు, రోగికి ఏమవుతారు, ఫోటో, అన్నీ అందులో ఎక్కించాలి. ఒక మనిషిని ఎక్కించి పక్కకి జరగ్గానే ఆ ఎంట్రీ దానంతటదే సేవ్ అయిపోతుంది. సేవ్ అయినవి రెండు కాగానే కొత్తది రాసే చోటు తెర మీదనుంచే మాయమవుతుంది. ఇక ఎవరు ఎంత ఏడ్చినా మూడో పేరు కొట్టడానికి చోటుంటే కదా.

జనం తక్కువవాళ్ళా! ఉన్న ఎంట్రీ తీసేయించి కొత్తది ఎక్కించుకోవడం మొదలుపెట్టారు. పొద్దున తమ్ముడు, మధ్యాహ్నం మేనమామ, సాయంత్రం మేనమామ తోడల్లుడు. మనవాడు తీసేసే వీలు లేకుండా చేశాడు. అప్పుడు ఉన్న ఎంట్రీలోనే పేరు దిద్దించుకున్నారు. సేవ్ అయినదాన్ని దిద్దే వీలు కూడా లేకుండా చేశాడు. ఒకే రోగిని రెండుసార్లు ఎక్కించి నాలుగు పాసులు పుట్టించారు. ఒక మంచం నంబరు మీద రెండో ఫారం తెరుచుకోకుండా బిగించాడు. చివరికి ఆ ఫైలు లోపలి కీళ్ళు ఎవరికీ కనపడకుండా మూసేసి, మార్చడానికి వీలున్న మాస్టర్ కాపీని తన ఇంట్లో కంప్యూటర్‌లో పెట్టుకున్నాడు. ఆఫీసులో ఉంచితే ఎవడు కెలుకుతాడోనని భయం. ఒక్కో తాళం వేసినప్పుడల్లా సూపరింటెండెంటు భుజం తట్టాడు. మనవాడు ఇంకో తాళం వేశాడు.

వార్డు శుభ్రపడింది, అది నిజమే. కానీ మూడో మనిషి అనేవాడు ఎక్కడికి పోతాడు? కిటికీ దగ్గరే నిలబడతాడు. ఇద్దరు కొడుకులు పాసులు తీసుకున్నాక కూతురు వస్తుంది. తల్లీ భార్యా ఎక్కాక తండ్రి వస్తాడు. గుమాస్తా చేతులెత్తేసి మనవాడి గదివైపు చూపించేవాడు. మనవాడు తలెత్తకుండానే ఇద్దరంటే ఇద్దరే అనేవాడు. ఆ మాట అనడంలో అతనికి ఒక రుచి కూడా పట్టుకుంది. ఇక చుట్టాల సంగతి చెప్పక్కర్లేదు. మీవాడు అక్కడే పనిచేస్తాడటగా, ఒక్క పాసు ఇప్పించమను అని ఇంటిల్లిపాదినీ పీక్కుతినేవాళ్ళు. విసిగిపోయి, పాసు సంగతైతే ఎవరూ నాకు ఫోన్ చెయ్యొద్దని అందరికీ కచ్చితంగా చెప్పేశాడు. అక్కకీ చెప్పాడు. అక్క ఏనాడూ అడగలేదు పాపం, అయినా చెప్పాడు.

ఇంకొక్కటి కూడా చేశాడు. వార్డు తలుపు దగ్గర గార్డు, కూలబడి ఏడుస్తున్న ఒక ముసలాయన్ని పాసు లేకుండా కాసేపు లోపలికి పంపాడు. సాయంత్రం కెమెరా చూసి మనవాడే ఆ సంగతి బయటపెట్టాడు. గార్డు ఉద్యోగం ఊడింది. కొత్త గార్డు వచ్చాడు. పాసు లేకుండా ఆ తలుపు తెరవకూడదని అతనికి ఎవరూ వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆ రోజు వేరే ఆసుపత్రి వాళ్ళు ఈ డేటాబేస్ చూడటానికి వచ్చారు. సూపరింటెండెంటు కొత్త పెళ్ళికొడుకులా తయారయ్యాడు. పెద్ద హాల్లో తెర దించి, మనవాణ్ణి ముందు నిలబెట్టాడు. మనవాడు ఫోన్ మూగబోయేలా పెట్టి జేబులో వేసుకుని, ఒక్కో తాళం చూపిస్తూ పోయాడు. వచ్చినవాళ్ళలో ఒక పెద్దావిడ, మరి మీకే అవసరం పడితే ఎలా అని అడిగింది. నేను కూడా ఏమీ చెయ్యలేనండి, అదే దీని గొప్పతనం అన్నాడు మనవాడు. చప్పట్లు కొట్టారు.

సరిగ్గా ఆ చప్పట్ల వేళకి కింద ఏం జరుగుతోందో చెబుతాను. మనవాడి బావ, అంటే అక్క మొగుడు, లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పనిచేస్తూ ఆ పొద్దున లిఫ్టు గుంటలో పడిపోయాడు. అదే కంపెనీలో పనిచేసే అతని అన్న, మనవాడికి పెద్దబావ, అంబులెన్సులో వేసుకుని ఇక్కడికే తెచ్చాడు. తిన్నగా మూడో అంతస్తుకే తీసుకుపోయారు. పెద్దబావ పాసుల కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. పాత గుమాస్తాని ఎప్పుడో వేరే చోటికి మార్చేశారు, ఇప్పుడు కొత్తమ్మాయి కూర్చుంటోంది. ఆ పిల్ల పెద్దబావ పేరు ఎక్కించి, ఫోటో తీసి, పాసు చేతికిచ్చింది. తమ్ముడి భార్య బయల్దేరిందమ్మా, దారిలో ఉంది, ఆమెకి చోటు ఉంచు, ఇంకెవరికీ ఇచ్చెయ్యకు అని పెద్దబావ బతిమాలాడు. ఆ పిల్ల మంచిది. వెంటనే రెండో ఎంట్రీ తెరిచి, ఏమవుతారు అన్నచోట భార్య అని పెట్టింది. పేరు కనుక్కునేలోపు ఆయన పైకి పరుగెత్తాడు. ఆమె వచ్చాక పేరు అడిగి కొట్టొచ్చులే అనుకుని, వెనక నిలబడ్డ ఇంకో రోగి తాలూకు ఫారం తెరిచింది.

అంతే, పక్కకి జరిగింది కాబట్టి ఎంట్రీ సేవ్ అయిపోయింది. పేరు లేదు, ఫోటో లేదు, భార్య అన్న ఒక్క మాట ఉంది. ఎంట్రీలు రెండూ అయిపోయాయి, చోటు మాయమైంది. దిద్దడానికి వీల్లేదు, తీసేయడానికి వీల్లేదు. అన్నన్ని తాళాలు బిగించిన మహానుభావుడికి, పేరు లేని ఎంట్రీని లెక్కలోకి తీసుకోకూడదన్న చిన్న ముక్క మాత్రం తట్టలేదు.

అక్క రెడీమేడ్ బట్టల షాపులో కొలతలు తీసే పని చేస్తుంది. మెడలో టేపు మెడలోనే ఉండగా పరుగెత్తుకొచ్చింది. కిటికీలో అమ్మాయి ఫారం తెరిచి చూసి బిక్కచచ్చిపోయింది. ఏ మీట నొక్కినా కదలదు. ఫోటో లేకుండా పాసు ప్రింటు రాదు. ఈ కంప్యూటర్ చేసింది మా తమ్ముడేనమ్మా అంది అక్క. కిటికీ దగ్గరికి వచ్చే ప్రతి మూడో మనిషీ అదే మాట అంటాడు కాబట్టి ఆ పిల్ల నమ్మలేదు. అక్క ఫోన్ చేసింది. మళ్ళీ చేసింది. చేస్తూనే ఉంది.

హాల్లో పని ముగిశాక మనవాడు ఫోన్ తీసి చూశాడు. అన్నీ అక్క ఫోన్లే. అతనికి ఒళ్ళు మండింది. అక్క కూడా మొదలెట్టిందన్నమాట, ఏ పక్కింటివాళ్ళ కోసమో పాసు కావాలి కాబోలు, అన్నన్నిసార్లు చెప్పాక కూడా ఇదేం తద్దినం అనుకున్నాడు. ఫోన్ జేబులో పడేసి, వచ్చిన పెద్దలతో టీ తాగాడు. బిస్కట్లు కూడా తిన్నాడు. రెండో కప్పు పోయించుకుంటుంటే కిటికీలో అమ్మాయి రొప్పుతూ వచ్చి, మీ అక్కనంటూ ఒకావిడ ఏడుస్తోంది సార్, లోపల ఉన్నది ఆవిడ భర్తట అంది.

కప్పు ఎక్కడ పెట్టాడో కూడా తెలియదు. మెట్లు దిగి వచ్చేసరికి అక్క కిటికీ ఊచ పట్టుకుని నిలబడి ఉంది. తిట్టలేదు, ఇప్పుడొచ్చావా అని కూడా అడగలేదు.

"ఒరేయ్, నన్ను లోపలికి పంపరా," అంది. "ఆయన నన్నే పిలుస్తున్నాడట. మా బావగారు వచ్చి చెప్పి వెళ్ళారు."

మనవాడు తెర చూశాడు. భార్య అన్న మాట, పక్కన ఖాళీ. ఒక్క చూపులో అంతా అర్థమైంది. అక్క చెయ్యి పట్టుకుని మూడో అంతస్తుకి తీసుకుపోయాడు. గార్డు లేచి నమస్కారం పెట్టాడు గానీ తలుపుకి అడ్డంగానే నిలబడ్డాడు. ఈవిడ మా అక్క, లోపలున్నది మా బావ, నా మాట మీద పంపు అని మనవాడు అడిగాడు. ఆ నోటినుంచి అలాంటి మాట వచ్చిందంటే ఎవరూ నమ్మరు.

గార్డు తలవంచుకుని చెప్పాడు. "నాకు ముందున్నవాణ్ణి మీరే కదా సార్ తీయించారు. నాకూ పిల్లలున్నారు. మీరు కెమెరా చూస్తారని నాకు తెలుసు."

అంతలో పెద్దబావ బయటికొచ్చాడు. నా పాసు ఈమెకి ఇచ్చెయ్యండి, నేను బయట ఉంటాను అన్నాడు. దాని మీద ఆయన ఫోటో ఉంది. ఒకరి పాసు ఇంకొకరు వాడకుండా ఫోటో పెట్టించింది కూడా మనవాడే, వేరే చెప్పాలా. పెద్దబావ అక్క మొహంలోకి చూడలేక మళ్ళీ లోపలికి పోయాడు.

మనవాడు సూపరింటెండెంటు దగ్గరికి పరుగెత్తాడు. ఆయన అతిథుల్ని సాగనంపుతున్నాడు. ఒక్క చీటీ రాసిస్తే చాలని మనవాడు చెవిలో చెప్పాడు. ఆయన నవ్వు చెదరకుండానే మనవాణ్ణి పక్కకి లాగాడు. నేను కూడా ఏమీ చెయ్యలేనని నువ్వే కదయ్యా ఇప్పుడు అందరిముందూ అన్నావు, వాళ్ళు మెట్లు దిగకముందే చీటీ రాస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను అన్నాడు. ఇంటికెళ్ళి మాస్టర్ కాపీ తెచ్చి, ఏం సరిచేస్తావో పద్ధతిగా సరిచెయ్యమన్నాడు. ఎంతసేపు పడుతుందిలే, ఇక్కడే కదా మీ ఇల్లు అని కూడా అన్నాడు.

కాళ్ళావేళ్ళా పడాల్సింది. పడలేదు. ఇన్నాళ్ళూ తన కాళ్ళ మీద పడ్డవాళ్ళని చూసి మొహం తిప్పుకున్నవాడికి, ఆ పని ఎలా చెయ్యాలో తెలియలేదు. బండి తీసుకుని ఇంటికి పోయాడు. దారంతా సిగ్నళ్ళే. మాస్టర్ కాపీ పట్టుకుని తిరిగొచ్చాడు. కిటికీలో అమ్మాయిని లేపి తనే కూర్చున్నాడు. తాను వేసిన తాళాలు తానే ఒక్కొక్కటీ తీశాడు. పేరు ఖాళీగా ఉన్నచోట అక్క పేరు కొట్టాడు. అక్కని పైనుంచి పిలిపించి కెమెరా ముందు నిలబెట్టి, ఇటు చూడక్కా అన్నాడు. అక్క చూసింది. ఆ ఫోటోలో ఆమె కళ్ళు ఎలా ఉన్నాయో అతను ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. పాసు బయటికొచ్చింది.

పాసు పట్టుకుని ఇద్దరూ మెట్లెక్కుతుంటే పెద్దబావ ఎదురుగా దిగుతూ కనిపించాడు. గోడకి చేరగిలబడి అక్కడే కూర్చుండిపోయాడు. అక్క ఆయన్ని దాటుకుని పైకి వెళ్ళింది. పాసు ముందుకి చాపింది.

గార్డు తలుపు బార్లా తెరిచాడు. "పాసు అక్కర్లేదమ్మా ఇంక," అన్నాడు. "మీవాళ్ళందరూ రావచ్చు."

మనవాడు కూడా వెళ్ళాడు. బావ మొహం మీదికి దుప్పటి ఇంకా లాగలేదు. తల కొంచెం తలుపువైపు తిరిగి ఉంది. అక్క ఏడవలేదు. దుప్పటి సర్ది, కాలర్ సరిచేసి, చాలాసేపు అక్కడే నిలబడింది. నర్సు వచ్చి మెల్లగా భుజం మీద చెయ్యివేస్తే బయటికి వచ్చి, బల్ల మీద కూర్చుంది. మనవాడు ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. తనని కొట్టమన్నాడు, చంపెయ్యమన్నాడు. అక్క అవేవీ వినిపించుకోలేదు. ఏదో లెక్క తేలనట్టు నేలవైపు చూస్తూ కూర్చుంది. పెద్దబావ వచ్చి కొంచెం దూరంలో నిలబడ్డాడు.

"మీరు ఆయనకి చెప్పారా బావగారూ," అని అడిగింది అక్క, "నేను బయటే ఉన్నానని?"

పెద్దబావ తలూపాడు. ధైర్యంగా ఉంటాడని చెప్పానమ్మా, తలుపవతలే ఉంది, వచ్చేస్తుంది అని చెప్పానమ్మా అన్నాడు.

"ఏమన్నాడు?"

మనవాడు తలెత్తి ఆయనవైపు చూశాడు, చెప్పొద్దన్నట్టు. కానీ అక్క చూపు తప్పించుకోవడం ఆయనవల్ల కాలేదు.

"తలుపవతలే ఉంటే ఎందుకు రావట్లేదు అన్నాడమ్మా. తర్వాత ఇంక అడగలేదు."