ఆఖరి ఎపిసోడ్‌లో ఆమె ఏమంది

తెర మీద ఒక నోరు కదిలింది.

పై పెదవి కొంచెం వణికింది. కింది పెదవి మెల్లగా విడివడింది. నాలుక పళ్లకు తగిలీ తగలనట్టు తగిలి, లోపలికి వెళ్లిపోయింది...

శబ్దం లేదు.

డబ్బింగ్ గదిలో ఆమె హెడ్‌ఫోన్లు తీసింది. మళ్లీ పెట్టుకుంది. వైరు కదిపి చూసింది. వైరుకేం కాలేదు. ఆ ముఖం వెనక నక్షత్రాలు కూడా బాగానే మెరుస్తున్నాయి.

మాట ఒక్కటే లేదు.

స్టూడియోలో ఆమెను అందరూ మాటలావిడ అంటారు. పరాయి భాష సీరియళ్లకు తెలుగు మాటలు రాయడం ఆమె పని. తెర మీద పెదవులు మూసుకున్నచోట ఒక ప, ఒక బ, ఒక మ పడాలి. గుండ్రంగా తిరిగినచోట ఒక ఓ పడాలి. అర్థం ఆ తర్వాత. ఇంటికి బియ్యం తెచ్చేది ఆ నాలుగు అక్షరాలేనని ఆమే అని నవ్వుతూ ఉంటుంది.

ఏళ్ల తరబడి ఆమె రాస్తూ వచ్చిన సీరియల్ ఇది. తమ సూర్యుడు ఆరిపోతే, మిగిలిన జనాన్ని ఓడలో ఎక్కించుకుని ఆకాశంలో తిరిగే ఒక కెప్టెన్ కథ. ఆ ఓడను తరుముతూ బూడిదరాణి. ఎన్ని యుద్ధాలు... ఎన్ని చావులు... "తలుపు తెరవొద్దు" అని కెప్టెన్ చేత తెలుగులో ఎన్నిసార్లు అనిపించిందో.

ఆఖరి ఎపిసోడ్‌లో కెప్టెన్ తలుపు తెరిచింది.

ఎవరూ బలవంతపెట్టలేదు. ఎవరూ మోసం చేయలేదు. తానే లేచి, నడిచి వెళ్లి, తెరిచింది. బూడిదరాణి లోపలికి వచ్చింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఓడలో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. జనం ఏమయ్యారో చూపించలేదు. కెప్టెన్ ముఖం తెర నిండా వచ్చింది. నోరు కదిలింది.

అంతే. అయిపోయింది.

ఇదేం ముగింపు?

ఆమెకు కోపం రాలేదు. తాళం వేసిన ఇంట్లో ఎవరో నడుస్తున్న అలికిడి విన్నట్టు... ఆగి, చెవి ఆనించి వినాలనిపించింది.

కోపం మేనేజరుకు వచ్చింది.

"ఇన్నేళ్లు లాగి లాగి చివరికి గాలికొదిలేశారు మేడమ్. అక్కడ జనం తిట్టిపోస్తున్నారట. మనకెందుకా తలనొప్పి? నోరు కదులుతోందిగా. ఒక మాట పెట్టేయండి."

"ఏం మాట సర్?"

"ఏదో ఒకటి. అర్థమయ్యేది. లేకపోతే చూసినవాళ్లు మన పళ్లు రాలగొడతారు."

"మా చెల్లెలు కొత్తవి కడుతుంది లెండి."

మేనేజరు నవ్వలేదు. "వచ్చే సీరియల్ కూడా మీకే ఇద్దామనుకుంటున్నా" అన్నాడు. ఆ మాట ఇప్పుడే ఎందుకన్నాడో ఆమెకు తెలుసు.

చెల్లెలు నిజంగానే పళ్లు కడుతుంది. దంతవైద్యులు పంపే అచ్చులకు మైనంతో చిగుళ్లు దిద్ది, పళ్లు పొదుగుతుంది. చిన్నతనంలో జ్వరం తగిలి వినికిడి పోయింది. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకుంటుంది. తను మాట్లాడటం ఇంట్లోనే... ఎక్కువగా అక్కతోనే. గరగరలాడే గొంతు. బయట ఎవరైనా తిరిగి చూస్తే ఆ గొంతు అక్కడికక్కడే ఆగిపోతుంది.

అక్క రాసిన సీరియల్‌ను చెల్లెలు కళ్లప్పగించి చూసేది. అందులో పెదవులది ఒక భాష, గొంతుది ఒక భాష. ఆ పెదవుల్లో ఆమెకు దొరికే తెలుగు లేదు. అయినా చూసేది. నీకేం అర్థమవుతోందని అక్క ఎప్పుడూ అడగలేదు. అడగాలని తోచలేదు.

ఆ మధ్యాహ్నం తోచింది.

బయటివాళ్లకు చూపించకూడని ఎపిసోడ్‌ను ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని చెల్లెలి పనిచోటుకు వెళ్లింది. కరిగిన మైనం వాసన. బల్ల మీద వరసగా తెల్లటి దవడలు... ఎవరి అన్నం కోసమో నోళ్లు తెరుచుకుని.

చెల్లెలు చూసింది. కాసేపటికి చేతిలో చాకు ఆగిపోయింది. చివర్లో మోచేత్తో కళ్లు తుడుచుకుంది. బుగ్గకు సుద్ద అంటింది.

"బాగుంది" అంది.

"ఏం బాగుంది? అసలు తలుపెందుకు తెరిచింది?"

చెల్లెలు వింతగా చూసింది. "ఎందుకేంటక్కా? వాళ్లమ్మ కదా."

"ఎవరు?"

"ఆ బూడిదామె. మొదటి నుంచీ కెప్టెన్ వాళ్లమ్మే కదా. అలిగి ఇల్లు వదిలిపోయింది పిల్ల. ఆవిడ వెనకే వచ్చింది. నడక నేర్చే పిల్ల ఎక్కడ పడుతుందోనని వెనకే తిరగరూ... అలా. ఇప్పుడు పిల్ల అలిసిపోయింది. తలుపు తీసింది."

మాటలావిడ ల్యాప్‌టాప్ వైపు తిరిగింది.

"మీ బూడిద కూడా మిగల్చను" అని ఆ రాణి చేత తెలుగులో అరిపించింది తనే. ఎన్నో రాత్రులు, ఎన్నో ఎపిసోడ్లు. అరుస్తున్నప్పుడు ఆ కళ్లు ఎలా ఉన్నాయి? ఆమె ఏనాడూ కళ్లు చూడలేదు. పెదవులే చూసింది.

"మరి ఓడలో జనం? వాళ్లేమయ్యారు?"

చెల్లెలు ఆలోచనలో పడింది. "వాళ్లని నేను పట్టించుకోలేదు" అంది నిజాయితీగా. "ఆ పొడుగాటి వంటాయన పాపం ఏమయ్యాడో."

"వంటాయనెవరే?"

"ఎప్పుడూ ఏదో ఒకటి కలుపుతుంటాడే."

"ఆయన శాస్త్రవేత్త."

ఇద్దరూ కడుపుబ్బ నవ్వారు. పక్క బల్ల దగ్గరివాళ్లు తిరిగి చూశారు. ఈసారి చెల్లెలి గొంతు ఆగలేదు.

"మరి చివర్లో ఏమంటోంది?" అడిగింది అక్క. "అమ్మా అంటోందా?"

చెల్లెలు వెనక్కి తిప్పి చూసింది. ముక్కు తెరకు ఆనేంత వంగి చూసింది. "కాదు. అమ్మా అంటే పెదవులు మూసుకోవాలి. మూసుకోలేదు."

"అయితే నీ కథ తప్పన్నమాట."

"తప్పెందుకవుతుంది? అమ్మని అమ్మా అనే పిలవాలా?" అని, చటుక్కున అక్క వైపు తిరిగింది. "నీకు వినబడిందిగా? ఏమంది?"

"ఏం వినబడలేదు. అక్కడ శబ్దమే పెట్టలేదు."

"నీకూ వినబడలేదా?"

"ఎవరికీ వినబడదు."

చెల్లెలు కళ్లు పెద్దవి చేసింది. ఆ ముఖంలోకి ఏదో వచ్చింది... జాలి కాదు, గెలుపు కాదు. పక్క సీటు ఖాళీ అనుకుని కూర్చున్నాక, అందులో ఎవరో ఉన్నారని తెలిసినట్టు.

మాటలావిడ మాటలు రాసిన కాగితంలో ఆ చోటు ఖాళీగా వదిలేసింది.

రికార్డింగ్ రోజున కెప్టెన్‌కు గొంతిచ్చే ఆవిడ వేడినీళ్ల సీసా పక్కన పెట్టి కాగితం తిప్పి చూసింది. "ఇక్కడేం రాయలేదేంటక్కా?"

"అక్కడ మాట లేదు."

"మరి నేనేం చేయను?"

"ఊపిరి తీసుకో. వదిలెయ్."

తీసుకుంది. వదిలింది. గదంతా ఒక్క క్షణం ఆ ఊపిరిలోనే ఉంది.

అద్దం అవతల మేనేజరు తల గోక్కున్నాడు. "సరే, చూద్దాం" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆఖరి ఎపిసోడ్ వచ్చింది. కిటికీ తెరల సందుల్లోంచి ఎండ నేల మీద గీతలు గీస్తోంది. అక్క సోఫాలో. చెల్లెలు కింద, స్పీకరు పక్కన, దాని చెక్క మీద అరచేయి పెట్టుకుని. తలుపు తెరుచుకుంది. దీపాలు ఆరాయి. ముఖం తెర నిండా వచ్చింది.

నోరు కదిలింది.

"ఇదే నా ఇల్లు."

గొంతు ఆ డబ్బింగ్ ఆవిడదే. మాట మాత్రం తను రాసింది కాదు. తను లేనప్పుడు పిలిపించి చెప్పించారన్నమాట.

ఎంత చక్కగా కుదిరిందో. పెదవులకు సరిగ్గా సరిపోయింది. పక్కింట్లోంచి ఎవరో "అదీ" అనడం గోడ దాటి వినిపించింది. ఫోన్ మోగింది. మేనేజరు మెసేజ్... బాగా వచ్చింది కదా మేడమ్, కొత్త సీరియల్ సోమవారం మొదలు.

అర్థమైపోయింది. అందరికీ. ఆమెకు కూడా.

ప్రాణం ఉసూరుమంది. ఇన్నాళ్లూ ఆ తాళం వేసిన ఇంట్లో తిరిగిన మనిషి ఉన్నట్టుండి బయటికొచ్చి, ఎవరో తెలిసిన మనిషే అయినట్టు...

చెల్లెలు చెక్క మీంచి చేయి ఎత్తింది. అరచేతిలోకి చూసుకుంది. అక్క వైపు చూసింది.

"అంది" అంది నెమ్మదిగా. "అక్కా, ఏదో అంది కదూ."

అబద్ధం చెప్పాలా? నిజం చెప్పాలా? ఏది చెబితే చెల్లెలి కథ బతుకుతుంది? ఆ తల్లి, ఆ అలిగిన పిల్ల, ఆ వంటాయన... మాటలావిడ గొంతు సవరించుకుంది.

"చెప్పకు" అంది చెల్లెలు, చేయి అడ్డం పెట్టి. "నేనే కనుక్కుంటా."

మళ్లీ చెక్క మీద అరచేయి ఆనించి, కళ్లు మూసుకుంది.

తెర మీద అప్పటికే సబ్బు ప్రకటన పాడుతోంది. ఆ వేళ్ల కింద ఏదో సన్నగా అదురుతోంది... అదురుతూనే ఉంది.