స్తంభం మీద చెయ్యి

కాంట్రాక్టరు పురుషోత్తమ్ మా జెరోమ్ తలకాయ స్కానింగు ఫిల్మును ట్యూబులైటుకు ఎత్తిపట్టి, ఇరవైమంది లైను కూలీల ముందర నవ్వాడు.

"చూడండప్పా. బెంగళూరులో తీసినారు. యాడన్నా మచ్చ ఉండాదా? నార్మలని రాసుండారు. ఎనిమిది నెలలుగా ఈయప్ప మనకి నాటకం చూపిస్తా ఉండాడు."

జెరోమ్ తల వంచుకుని నిలబడ్డాడు. ఊరిగాం గని క్వార్టర్సు పక్కన చర్చి వెనక, పెద్ద లైను మీద షాకు కొట్టి పడినవాడు. చేతుల పుండ్లు మానాయి. తల మానలేదు. కూతుర్ని బడిలో వదిలి ఇంటికొస్తాడు, వదిలానో లేదో తెలియక మళ్లీ బడికి పోతాడు.

అతని భార్య ఫిలోమినా ముందుకొచ్చింది. "ఈ స్కానులో మెదడు ఆకారమే కనపడుతుందంట సార్. అది పనిచేసేటప్పుడు చూసే స్కాను వేరే ఉండాదని డాక్టరు చెప్పినాడు. జ్ఞాపకం పరీక్షలు కూడా చెయ్యాలంట. ఈయన తల బాగలేదని మీరొక లెటరిస్తే..."

"నార్మలంటే నార్మలేమ్మా. రేపు డ్యూటీకి రాకపోతే పేరు కొట్టేస్తా. స్తంభం ఎక్కమన్నానా? కింద స్విచ్చి కాడ నిలబడేదానికి ఏం రోగం?"

నేను ఏడో తరగతిలో బడి మానినవాణ్ణి. స్కాను సంగతి నాకు తెలియదు, తీగ సంగతి తెలుసు. "తీగని ఫోటో తీసి చూపిస్తే, దాంట్లో కరెంటుందో లేదో చెప్తారా సార్?" అన్నాను.

"చిన్నన్నా, నువ్వెప్పుడు డాక్టరైనావు?"

మాలోనే నలుగురు నవ్వారు. అది దాచను. ఎవడి కూలి పోతుందోనని వాడికి భయం.

మర్నాడు పొద్దున్నే అదే చర్చి వెనక పని. మాకొక కట్టుబాటు ఉంది. కిందివాడు స్విచ్చి హ్యాండిలు దించి వచ్చి, లైను ఆగిందని మూడుసార్లు గట్టిగా చెప్పాలి. అప్పటిదాకా పైకెక్కేవాడు స్తంభం ముట్టడు. ఆ రోజు ఎక్కాల్సింది నేను. చెప్పాల్సింది జెరోమ్.

గోడ మలుపు అవతల ఉన్న స్విచ్చి దగ్గరికి పోయి వచ్చాడు. "లైను ఆగింది" అన్నాడు. రెండోసారీ అన్నాడు. మూడోసారికి నోరు తెరిచి, తన కుడిచేతిని చూసుకున్నాడు.

"చిన్నన్నా, దించినానా? తెలీడంలేదన్నా."

ముసలి సొన్నప్ప పరుగెత్తి చూసొచ్చాడు. "దించలేదు" అన్నాడు.

నేను స్తంభమెక్కే బెల్టు విప్పి నేలమీద పడేశాను. నిన్న నవ్విన నలుగురూ తమవి విప్పారు. ఇంగ మిగిలినవాళ్లు ఆగలేదు.

పురుషోత్తమ్ జీపు దిగి వచ్చాడు. "వాడు నాటకమాడితే మీరు తాళం వేస్తారా? మళ్లీ వాణ్ణే పంపండి. వాడే దించాల."

"సరే. వాడే దించుతాడు, మీరు ఎక్కండి" అన్నాను. "తల బాగుందని చెప్పింది మీరే కదా. రెండు మెట్లు చాలు."

ఇరవై జతల కళ్లు చూస్తున్నాయి. పౌరుషానికి పోయి బెల్టు కట్టుకున్నాడు, స్తంభం మీద చెయ్యి వేశాడు. అప్పటికే సొన్నప్పను మలుపు అవతల నిలబెట్టాం. మాకు ఎవరి చావూ అక్కర్లేదు. జెరోమ్ హ్యాండిలు దించడం ఆయన కళ్లారా చూశాడు. పురుషోత్తమ్ చూడలేదు.

జెరోమ్ వచ్చాడు. మూడుసార్లూ గట్టిగా, తడబడకుండా చెప్పాడు.

పురుషోత్తమ్ వాడి మొహం చూశాడు. పై తీగ చూశాడు. మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఫిలోమినా కాగితం, పెన్ను చాపింది. "చెయ్యి ఎందుకు తీసినారో రాయండి సార్. అదే నాకు కావాల్సిన లెటరు."

రాయలేదు. పోలీసులకు ఫోను చేశాడు. నన్నూ సొన్నప్పనూ స్టేషనుకు తీసుకుపోయారు. పని ఆగిపోయి, కరెంటు లేక క్వార్టర్సు జనం తిట్టుకుంటూ బయటికొచ్చారట. ఫిలోమినా జరిగిందంతా వాళ్లకు చెప్పిందట. మారమ్మ అనే ముసలామె, "మా ఆయన గనిలో పోతే, పరిహారం ఇయ్యకుండా గుండె నీరసమని రాసినారు. నాకు ఈ కరెంటు వద్దు పోరా" అని పురుషోత్తమ్‌ను తిట్టి స్తంభం మొదట్లో కూర్చుందట.

సాయంత్రానికి లక్కూరు నుంచి వేరే గ్యాంగును లారీలో దింపారు. వాళ్ల మేస్త్రీ ఓబలప్ప మా వైపు మనిషి కూడా కాదు. మారమ్మ చెప్పింది విన్నాడు, జెరోమ్‌ను చూశాడు, నేలమీద కుప్పగా పడున్న మా బెల్టులను చూశాడు. తన బెల్టు విప్పుతూ పురుషోత్తమ్‌తో అన్నాడట:

"ముందు మీరు ఎక్కండప్పా. తరువాత మేము."