తెల్లగుడ్డ కింద మొగుడు

మొగుడి శవం మీద కప్పే గుడ్డను ఉతకడం యువరాణికి అలవాటైపోయిన పని. ప్రదర్శన అయిన మరునాడు పొద్దున్నే, వేలూరు బాగాయంలోని ఇంటి వెనక నీళ్ళ తొట్టి దగ్గర కూర్చుని, ఆ తెల్లగుడ్డకు అంటిన ఎర్రరంగు పోయేదాకా రుద్దుతుంది. తర్వాత నీలిమందులో ముంచి, పిండి, మిద్దె మీద ఆరేస్తుంది. ఆ మొగుడు సురేంద్రన్ అప్పటికి లోపల నిక్షేపంగా నిద్రపోతూ ఉంటాడు. రాత్రి స్టేజీ మీద చచ్చినవాడు బారెడు పొద్దెక్కితే గానీ లేవడు. లేవగానే "రాణీ, కాఫీ" అంటాడు. గుడ్డ తెల్లగా వచ్చిందా లేదా అని మాత్రం మిద్దెక్కి చూసుకుంటాడు.

సురేంద్రన్‌ది 'బాండ్లి' అనే రాక్ బ్యాండు. గిటార్లు, డ్రమ్ములు ఉంటాయి, వెనకాల పెద్ద తెర మీద సినిమా ఆడుతూ ఉంటుంది, తెర ముందు నాటకం నడుస్తుంది. కట్టడం పనివాళ్ళ బతుకే ఆ నాటకం కథ. బాలా అనే కుర్రవాడు సిమెంటు మోసే ఇనప బాండ్లీలను బోర్లించి వాటి మీద తాపీలతో వాయిస్తాడు. గాయత్రి పాడుతుంది, మేస్త్రీ పెళ్ళాంగా నటిస్తుంది. సురేంద్రన్ గిటారు వాయించి వాయించి, చివర్లో మేడకు కట్టిన సారువ కొయ్యల మీద నుంచి పడి చచ్చిపోయే మేస్త్రీ అవుతాడు. వాళ్ళలో సిమెంటు బాండ్లి నెత్తిన పెట్టుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. సురేంద్రన్ నాయన అంజప్ప పెద్ద కాంట్రాక్టరు, కొడుకును ఇంజనీరింగు చదివించాడు. బాండ్లి మోసింది యువరాణి. గుడియాత్తంలో అమ్మ మునియమ్మ వెనకాలే పనికి పోయి, పెళ్ళి కుదిరేదాకా మోసింది. ఆ సంగతి ఏ పోస్టర్లోనూ ఉండదు.

బ్యాండులో ఆమె పని ఇదీ అని చెప్పడం కష్టం. లాప్‌టాప్ చూసుకునేవాడు ఎవడో మానేసి పోతే, "ఇంట్లో ఉత్తగా కూచోనుండేదే కదా, ఈ బటన్లు నొక్కితే నీకూ పొద్దుపోతాది" అని సురేంద్రన్ ఆమెను తెర వెనక కూర్చోబెట్టాడు. అప్పటినుంచి తెర మీద ఏ బొమ్మ రావాలన్నా, స్పీకర్లో ఏ శబ్దం మోగాలన్నా ఆమె వేలు కదలాలి. అందరికీ చింతపండు పులిహోర కలిపి కట్టేది ఆమె, బట్టలు కుట్టేది ఆమె, వ్యాన్లోకి స్పీకర్లు ఎత్తేటప్పుడు ఒక పక్క పట్టేది ఆమె. ఒకసారి ఎవరో పత్రికవాళ్ళు ఇంటికొస్తే, "మాది స్వతంత్ర బ్యాండు. ఎవరి మీదా ఆధారపడేది లేదు" అని సురేంద్రన్ కాలు మీద కాలేసుకుని చెప్పాడు. అప్పుడు ఆమె వాళ్ళకు టీ గ్లాసులు అందిస్తోంది. నవ్వొచ్చింది, నవ్వలేదు. అత్త అంజలై అయితే అసలు మాట దాచుకునే మనిషి కాదు. "పిల్లా జెల్లా లేనిదానివి, మొగుడి వెనక నాలుగూర్లు తిరిగితే నీ సొమ్మేం పోతాది? రేపు నీ శవం మీద ఏడ్చేదానికి ఆ ఒక్కడే కదా ఉండాది" అనేది, కూర తరుగుతూ, ఉప్పూ కారం గురించి మాట్లాడినంత తేలిగ్గా.

పిల్లలు లేకపోవడం గురించి ఒక సంగతుంది. అది ఆమెకు తెలుసు, సురేంద్రన్‌కు తెలుసు, అమ్మకు తెలుసు. అమ్మ ఇప్పుడు లేదు.

మునియమ్మ కిందటి వానాకాలంలో గుడియాత్తంలోనే పోయింది. వాళ్ళ ఇళ్ళల్లో చావంటే ఆడవాళ్ళు శవం చుట్టూ చేరి, ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని ఒప్పారి పెడతారు. పాడుతూ ఏడవడం, ఏడుస్తూ పాడడం. శవం లేని చోట ఒప్పారి నోట రాకూడదు, అది చావును పిలిచినట్టు. శవం ముందర మాత్రం కూతురు ఏమైనా చెప్పుకోవచ్చు, అత్త పేరెత్తవచ్చు, మొగుడి పేరెత్తవచ్చు, వినే మగవాళ్ళు తలొంచుకుని వినాలి. శవం లేచి, ఆడవాళ్ళు తల మీద నీళ్ళు పోసుకున్నాక ఆ మాటలను మళ్ళీ ఎవరూ ఎత్తరు. చెప్పినదాన్ని తప్పు పట్టరు, ఊరట పేరుతో కూడా కదపరు. అవి పాడెతో పోయినట్టే. ఏడాదంతా నోరు కట్టుకుని బతికే ఆడదానికి ఊరు వదిలిపెట్టిన ఇరుకు సందు అది. యువరాణి ఆ సందులో దూరింది. అమ్మ కాళ్ళు పట్టుకుని అన్నీ చెప్పింది. "పసుపు పూసి నీళ్ళు పోస్తివే అమ్మా, ఆ చేతులు కట్టెలాయెనే" అంది. "ఆలంగాయం దావలో నా కడుపు జారిపోతా ఉంటే, ఆట అయిపోనీ అనె నా మొగుడు, నెత్తురు గుడ్డలు ఉతికింది నువ్వే కదే అమ్మా" అంది. ఆలంగాయంలో ఆట ఉన్న ఆరోజు మూడో నెల కడుపుతో ఆమె స్పీకరు పెట్టె ఎత్తింది. నొప్పి అని చెబితే సురేంద్రన్ నిజంగానే "ఆట అయిపోనీ రాణీ, ఆస్పత్రికి పోదాం" అన్నాడు. ఆట అయిపోయేసరికి బిడ్డా అయిపోయింది. ఆ మాట అమ్మ శవం ముందు తప్ప ఇంకెక్కడా అనలేదు.

అప్పుడు సురేంద్రన్ గోడకు ఆనుకుని ఫోను చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. చుట్టాలకు కబురు చెబుతున్నాడేమో అనుకుంది.

పెద్దకర్మ అయిన వెంటనే వేలూరులో రిహార్సల్. "గాయత్రి ఏడుపు అతకతా లేదు. నేను పడినాక ఈ కొత్త ఫైలు వెయ్యి" అన్నాడు. వేసింది. స్పీకర్లోంచి తన గొంతే వచ్చింది. పసుపు పూసి నీళ్ళు పోస్తివే అమ్మా. కింద బాలా డ్రమ్ము, మెల్లగా గిటారు. "అయ్యో అక్కా, ఒళ్ళు జలదరించింది" అంది గాయత్రి. అది ఇంతటితో ఆగి ఉంటే, అమ్మ పేరు నలుగురూ వింటారని సర్దుకునేదేమో. కానీ పాట ఆలంగాయం దగ్గరికి వచ్చి, ఆలంగాయం లేకుండా దాటిపోయింది. ఆ చేతులు కట్టెలాయెనే అన్న వెంటనే అమ్మా అని దీర్ఘం. మధ్యలో ఉన్న మొగుడు లేడు, నెత్తురు లేదు, బిడ్డ లేదు. చాలా శుభ్రంగా కోశాడు. అతుకు కూడా తెలియలేదు. వారం రోజులు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నది దీనికా! ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ముగుస్తుందో తెలియాలంటే ఆ మాటను ఎన్నిసార్లు వినుండాలి? విన్నాడు. మళ్ళీ మళ్ళీ విన్నాడు. విని, వచ్చి ఆమె వడ్డించిన అన్నం తిన్నాడు.

"మామా, మధ్యలో ఒక మాట పోయింది" అంది ఆ సాయంత్రం, ఉండబట్టలేక.

"అది కథకు అక్కర్లేదులే రాణీ. సాగదీసినట్టు ఉండాది" అన్నాడు సురేంద్రన్, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

ఆ తర్వాత ఊరూరా ఆ బటను నొక్కింది. చెన్నైలో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పుదుచ్చేరిలో ఒకామె గాయత్రిని కావలించుకుని ఏడ్చింది. ఇంటికొస్తూ వ్యాన్లో సురేంద్రన్ "మీ అమ్మను చిరంజీవిని చేసినా తెలుసా" అన్నాడు. యువరాణి కిటికీ వైపు తిరిగింది. శవం లేని చోట, రంగు పూసిన గుడ్డ మీద, తన తల్లి చావును తన వేలితోనే మళ్ళీ మళ్ళీ తెస్తోంది. తన మీద తనకే అసహ్యం వేసింది. నొక్కనని ఎందుకు అనలేకపోయింది? అంటే ఇంట్లో ఏమవుతుందో తెలుసు గనక. పెద్ద గొడవేమీ జరగదు. మూతి ముడుచుకుంటాడు, అన్నం మానేస్తాడు, అత్త రెండు మాటలంటుంది, చివరికి ఆమే పోయి బతిమాలుతుంది. ఆ బతిమాలడం తలుచుకుంటేనే నీరసం వచ్చేది.

అంతలో గుడియాత్తంలో ప్రదర్శన కుదిరింది.

"మీ ఊర్లో వేస్తా ఉండాము. సంతోషమే కదా?"

"సంతోషమే. ఆ ఏడుపు మాత్రం ఆడ వద్దు మామా. ముత్తమ్మ చిన్నమ్మ వస్తాది, అమ్మతో పనికిపోయిన వాళ్ళందరూ వస్తారు. ఆ దినం నా పక్కన కూచోని ఏడ్చినోళ్ళు. వాళ్ళ ముందర దాన్ని మళ్ళా పెట్టకూడదు."

"అదే కదా రాణీ ఆటకు ప్రాణం! అది లేకపోతే నేను పడి ఊరికే పండుకోనుండేదా? ఏడ్చింది నువ్వు, సరే. దాన్ని పాట చేసింది నేను" అన్నాడు. ఆపైన, "ఈసారి గుడ్డకు కొంచెం గంజి పెట్టు. ముఖానికి అతుక్కుంటా ఉండాది" అన్నాడు.

గంజి పెట్టింది. మడిచి ఒళ్ళో పెట్టుకుని వ్యానెక్కింది. విరించిపురం దాటాక పాలారు కనిపించింది, ఇసుక తప్ప నీళ్ళు లేవు. ఏమీ ఆలోచించలేదు. పులిహోరలో ఉప్పు సరిపోయిందా లేదా అనుకుంది, అంతే.

గుడియాత్తం కల్యాణమండపంలో ముందు వరసలోనే కూర్చుంది ముత్తమ్మ. అమ్మకు చెల్లెలు. పని నుంచి నేరుగా వచ్చినట్టుంది, పాదాల మీద సిమెంటు ఎండిపోయి ఉంది. యువరాణి చెంపలు నిమిరి, "మీ యమ్మ ఉండుంటే మురిసిపోయుండును. నువ్వు యాడ కనపడతావు పాపా?" అంది.

"నేను కనపడను చిన్నమ్మా. తెర వెనకాల ఉంటా."

ఆట మొదలైంది. తెర మీద మేడలు లేచాయి, బాండ్లీలు మోగాయి, సురేంద్రన్ సారువ మీద నుంచి పడ్డాడు. గాయత్రి వచ్చి తెల్లగుడ్డ కప్పింది. లైట్లు తగ్గాయి. బాలా చేతులు ఆపాడు. ఇప్పుడు యువరాణి వేలు కదలాలి.

వేలు బటను మీదే ఉంది. తెర సందులోంచి ముత్తమ్మ పాదాలు కనబడుతున్నాయి. నొక్కితే, సురేంద్రన్ కోసేసిన చోటును ఆ ముసలామె కనిపెడుతుంది. ఆ మాట అన్నప్పుడు యువరాణి భుజం మీద ఉన్న చేయి ఆమెదే. ఆ మాట పోయిందని తెలిసినా, కట్టుబాటు ప్రకారం నోరెత్తదు. అమ్మ శవం ముందు చెప్పుకున్న ఒకే ఒక్క నిజాన్ని, విన్నవాళ్ళ ఎదుటే, లేదనిపించబోతోంది తన వేలు. నా బిడ్డను ఇంకోసారి పోగొట్టను అనుకుంది యువరాణి. వేలు పక్కకు జరిపి ఆ ఫైలును తీసేయమంది. నిజంగానే తీసేయాలా అని కంప్యూటరు అడిగింది. ఆ సంసారంలో ఒక పని చేసే ముందు ఆమెను అడిగింది అదొక్కటే. ఔనంది. లాప్‌టాప్ మూసేసింది.

హాలు నిశ్శబ్దంగా ఉంది. మొదట అందరూ అదీ నాటకమే అనుకున్నారు. గంజి పెట్టిన గుడ్డ కింద సురేంద్రన్ ఎదురుచూస్తున్నాడు. లేస్తే ఆట పోతుంది, లేవకపోతే ఏడుపు రావడం లేదు. బాలా రెండు దెబ్బలు వేసి ఆగాడు. గాయత్రి మైకు ముందుకొచ్చి వెక్కబోయింది, గొంతు రాలేదు, తెర వైపు బెదురుగా చూసింది. వెనక వరసల్లో గుసగుస మొదలైంది.

అప్పుడు ముందు వరసలోంచి ముత్తమ్మ గొంతు గట్టిగానే వినిపించింది. "ఏందిమే ఇది! ఏడ్చేవాళ్ళే లేరా ఈ శవానికి? పాపం, ఏ తల్లి కన్న బిడ్డో." ఏడ్చే దిక్కులేని శవం దగ్గర ఆ దావన పోయే ఆడదైనా కూర్చుని నాలుగు కన్నీళ్ళు రాల్చిపోవాలి. ముత్తమ్మ అలా పెరిగిన మనిషి. ఇది నాటకమన్న సంగతి కూడా మరిచిపోయి, కొంగు నడుముకు దోపి మెట్లెక్కి వస్తోంది.

యువరాణి తెర వెనక నుంచి ముందుకు వచ్చింది. అంతమంది ఎదుట నిలబడటం ఆమెకు అదే మొదలు. లైటు కళ్ళలో పడింది. తెల్లగుడ్డను దాటి, చిన్నమ్మ చేయి పట్టుకుంది. పక్కనే గాయత్రి మైకు ఉంది. ఆమె మెల్లగా అన్న మాట హాలంతా వినిపించింది, గుడ్డ కింద ఉన్నవాడికి కూడా.

"వద్దులే చిన్నమ్మా, పోదాం రా. ఆయప్ప కోసం ఏడ్చేది నాకు అయిపాయ."