గుడిదీర్ఘం పోయిన డ్రమ్ము

తెర మీద రెండు లేబుళ్లు పక్కపక్కన కనిపించాయి. రెండింటి మీదా ఒకటే మాట: హెక్సేన్. వర్షిత చేతిలోని టీ కప్పు కింద పెట్టేసింది. ఒకటి హెక్సేన్ అయితే రెండోది హెక్సీన్ కావాలి.

"రవికిరణ్ గారూ, సీ ఏమైంది?"

పక్క సీట్లోని టీమ్ లీడ్ తల తిప్పాడు. "ఏ సీ అండీ?"

"హెక్సీన్‌లో సీ."

"ఓ, అదా. ఒకే మాట రెండు రకాలుగా రాసుంటే మొన్న కలిపేశాను. గుడిదీర్ఘానికీ ఏత్వానికీ అంత గొడవెందుకండీ?"

రాయదుర్గంలోని ఆ ఆఫీసు రసాయన కంపెనీలకు తెలుగు లేబుళ్ల సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. సరుకు రాగానే స్టోర్స్ వాళ్లు డ్రమ్ము మీది ఇంగ్లీషు పేరు పైనే తెలుగు లేబుల్ అంటిస్తారు. టీమ్‌లో కెమిస్ట్రీ చదివింది వర్షిత ఒక్కతే. మొన్న ఆమె సెలవులో ఉంది.

గొడవ ఉంది. రెండింటిలోనూ ఆరు కార్బన్ల గొలుసే. హెక్సేన్‌లో అన్నీ ఒంటి బంధాలు. సంతృప్తమైనది, చల్లగా, వెలుతురు తగలకుండా ఉంచితే బ్రోమిన్ పోసినా పలకదు; అందుకే బ్రోమిన్‌ను పలచన చేయడానికి దాన్నే వాడతారు. హెక్సీన్‌లో ఒకచోట జంట బంధం ఉంది. అసంతృప్తమైనది. బ్రోమిన్ కనిపిస్తే చాలు, పట్టుకుంటుంది. పట్టుకున్నప్పుడల్లా వేడి పుడుతుంది. గ్లాసులో అయితే తమాషా. రియాక్టర్ నిండా అయితే మూత ఎగిరిపోతుంది.

ఈ లేబుళ్లు వెళ్లింది జీడిమెట్లలోని ఒక యూనిట్‌కి. అక్కడ షిఫ్ట్ చూసేది ఆమె తమ్ముడు నరేందర్. పొద్దున టిఫిన్ తింటూ అన్నాడు, "ఇయ్యాల హెక్సేన్ల బ్రోమిన్ పోసే పని ఉందక్కా. లేటైతది."

వర్షిత అతనికి ఫోన్ చేసింది. మోగుతోంది కానీ ఎత్తడం లేదు. నిప్పురవ్వ భయానికి ఫోన్లన్నీ గేటు దగ్గరే పెట్టి లోపలికి పోతారు. గేటు ల్యాండ్‌లైన్‌కి చేసింది. కాపలాదారు బాలనర్సయ్య ఎత్తాడు.

"బాలన్నా, నరేందర్ అక్కను. వాన్ని బ్రోమిన్ ఆపమను. ఇప్పుడే."

"ఏమైంది బిడ్డా?"

"ఆ డ్రమ్ములల్ల ఉన్నది హెక్సేన్ కాదేమో."

"గదే ఉంది గద. పొద్దుగాల నేనే సదివిన. ఇంతింత అక్షరాలు."

"అక్షరమే తప్పు అన్నా. ఉరుకు."

"నా మోకాళ్లు జూసినవా? ఉరకాల్నంట." రిసీవర్ బల్ల మీద పడిన చప్పుడు. తర్వాత బూట్ల చప్పుడు, అది నడక కాదు.

వర్షిత చెవికి ఫోన్ ఆనించుకుని కూర్చుంది. ఎక్కడో లారీ హారన్. సైరన్ వినిపిస్తుందేమోనని చెవి ఒగ్గింది.

"క్లయింట్‌కి డైరెక్ట్‌గా చేసేశారా?" అన్నాడు రవికిరణ్. "ముందు నాకు చెప్పాలి కదండీ."

ఆమె ఫోన్‌ను రెండో చెవికి మార్చుకుంది.

"ఏందక్కా?" నరేందర్ గొంతు. "బాలన్న ఊపిరాడక గోడకానుకున్నడు. ఏం పరేషాన్?"

"బ్రోమిన్ మొదలుపెట్టినవా?"

"వాల్వ్ మీద చెయ్యేసిన. గప్పుడే వచ్చిండు."

"తిప్పకు. డ్రమ్ముల సరుకు జరంత గ్లాసుల తీస్కో. ల్యాబ్‌ల బ్రోమిన్ నీళ్లుంటయి, రెండు చుక్కలెయ్యి. రంగు పోతే అది హెక్సీనే. నిలిస్తే నేను పిచ్చిదాన్ని."

"నువ్వు పిచ్చిదానివని ఇంట్ల అందరికి ఎరుకే. ఉండు."

ఈసారి తిరిగొచ్చినప్పుడు ఆ గొంతులో నవ్వు లేదు.

"ఎర్రగ పడ్డదక్కా. ఊపంగనే నీళ్లోలె అయింది."



"రియాక్టర్ నిండ గదే పోసినం," అన్నాడు. "మూత కాడ నేనే నిలవడ్డ."

"బయటికి రా. అందర్ని తీసుకొని రా."

ఆమె ఫోన్ పెట్టేసింది. రవికిరణ్ అప్పటికే కీబోర్డు ముందుకు లాక్కున్నాడు.

"ఏం కాలేదు కదండీ, అదృష్టం. మెయిల్‌లో మాత్రం ఏమీ రాయకండి. ఇప్పుడే సరిచేసేస్తా."

సీ అని కొట్టి సేవ్ నొక్కాడు. తెర ఒకసారి మిణుకుమని దాన్ని సే చేసింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ సే. మొన్న అతను పెట్టిన నియమమే దాన్ని మార్చేస్తోంది. వర్షిత పేర్ల జాబితాలో కిందికి చూసింది. ప్రొపీన్ ప్రొపేన్ అయింది. బ్యూటీన్ బ్యూటేన్ అయింది. పెంటీన్ పెంటేన్ అయింది. ఆ వంశానికంతటికీ గుడిదీర్ఘం పోయింది.

"ఇవి ఇంకెవరికి వెళ్లాయి?"

"అది... పైవాళ్లని అడగాలండీ."

"మీరు అడగండి. ఈలోగా నేను మన క్లయింట్ల గేట్లకు ఫోన్ చేస్తా."

చర్లపల్లిలోని ఒక యూనిట్ గేటులో ఎవరో ఎత్తారు. "హలో, ఎవలు?"

"అన్నా," అంది వర్షిత, "మీ డ్రమ్ముల మీద ఏం రాసుందో జర చదివి చెప్తవా?"