నాలుగో మూత కింద బండ

డ్రైనేజీ గోతిలోకి దిగినవాడు ఏదో ఒకటి వాగుతూనే ఉండాలి. ఏ పుస్తకంలోనూ రాయకపోయినా, దాన్ని శుభ్రం చేసేవాళ్లందరూ పాటించే కట్టుబాటు అది. పెళ్లాన్ని తిట్టుకోవచ్చు, సూపర్‌వైజరును తిట్టుకోవచ్చు, మాట మాత్రం ఆగకూడదు. మాట ఆగిందంటే లోపలి గ్యాసుకు స్పృహ తప్పినట్టే, పైనున్నవాడు నడుముకు కట్టిన తాడు లాగాలి. ఆ వాగుడులో అందరికంటే గట్టివాడు కాబట్టే వాళ్లలో ఒకడికి వాగుడుకాయ అని పేరొచ్చింది.

పట్టపగలు, పదకొండు గంటలకు, వీధంతా చూస్తుండగా, మూడో గోతి మూత కింద వాగుడుకాయ నోరు ఆగిపోయింది.

తాడు పట్టుకున్నవాడు ఆ వీధి తాపీ మేస్త్రికి అల్లుడు, తనూ డ్రైనేజీ పనివాడే. "లాగండ్రా!" అని గొంతు చించుకున్నాడు. నలుగురు కలిసి లాగారు. పైకొచ్చిన మనిషి ముక్కులో, నోట్లో, చెవుల్లో నల్లటి బురద. ఇస్త్రీ బండి నడిపే, వీధంతా అత్తా అని పిలిచే ఆవిడ తను ఇస్త్రీ చేస్తున్న దుప్పటి తెచ్చి అతని ముఖం తుడిచింది. ఎంత తుడిచినా కళ్లు తెరవలేదు.

దిగమని తోసిన సూపర్‌వైజరు అక్కడే నిలబడి ఫోనులో చెబుతున్నాడు: "అనుమతి లేకుండా దిగాడు సార్. నేను వద్దనే చెప్పాను."

మేస్త్రి జనంలో వెనకే నిలబడిపోయాడు. తాపీ పనిలో తల నెరిసిన మనిషి. ఆ మూడో మూత దగ్గర పది రోజులకోసారి మురుగు ఎందుకు పొంగుతుందో ఆ వీధిలో ఒక్క అతనికే తెలుసు. తెలిసి నాలుగేళ్లు నోరు మూసుకున్నాడు. ఎందుకంటే ఆ పైపు వేసింది అతనే.

నాలుగేళ్ల కిందట లైను తవ్వుతుంటే నాలుగో గోతి దగ్గర బండ తగిలింది. బండ కొడితే వారం పడుతుంది. కాంట్రాక్టరు వచ్చి చూసి, "దాని మీదే వేసెయ్" అన్నాడు. "అయ్యా, వాటం పోతుంది. నీళ్లు కిందికి పోవాలి గానీ మెట్టెక్కవు కదా" అని మేస్త్రి అన్నాడు. "పైన మట్టి కప్పితే ఎవడు చూస్తాడు? నీకు పని కావాలా, వాటం కావాలా?" అన్నాడు కాంట్రాక్టరు. మేస్త్రికి పని కావలసి వచ్చింది. అప్పట్నుంచీ వీధి మురుగంతా పల్లంలో ఉన్న మూడో గోతిలో చేరి, ఎత్తు మీదున్న నాలుగో గోతిలోకి ఎక్కలేక, అక్కడే కుళ్లుతోంది. ఎక్కించడానికి మనుషులు దిగుతున్నారు.

వాగుడుకాయ పోయిన మూడో రోజున కూతురు భోజనం వడ్డిస్తూ మామూలుగా చెప్పింది. "నాన్నా, ఇక మూడో మూత వంతు ఈయనదంట."

మేస్త్రి ముద్ద కంచంలో పెట్టేశాడు. అల్లుడు నవ్వుతూ, "నాకు అంత వాగుడు రాదు మావయ్యా. లోపల ఏం మాట్లాడాలో నువ్వే నేర్పాలి" అన్నాడు. అది హాస్యమే. ఎవరూ నవ్వలేదు.

ఆ ఆదివారం కుళాయి దగ్గర వీధి వాళ్లంతా కూడారు. కూడారంటే కొట్టుకోవడానికే. పై ఇళ్లవాళ్లు కవర్లు వేస్తున్నారని కిందివాళ్లు, మంగలి దుకాణం జుట్టంతా గోతిలోకే పోతోందని పక్కింటివాళ్లు, అసలు మీరు సరిగ్గా తియ్యడం లేదని అందరూ కలిసి కార్మికుల మీద. అల్లుడికి ఒళ్లు మండింది. "పదిసార్లు దిగాం. పదిసార్లూ చేతులతో తోడాం. మా వాడి శవం మీద నిలబడి మాకు పని నేర్పుతారా?" మాటకు మాట పెరిగింది. మంగలి చొక్కా ఎవరో పట్టుకున్నారు.

"ఆగండి," అన్నాడు మేస్త్రి. ఎవరూ వినకపోతే మళ్లీ అన్నాడు. "ఆగండయ్యా. తప్పు కవర్లది కాదు, జుట్టుది కాదు. తప్పు నాది."

బండ సంగతి మొత్తం చెప్పాడు. చెబుతున్నంతసేపూ అల్లుడి వైపు చూడలేకపోయాడు. జనం చెట్టంత మనిషిని మొదటిసారి చూసినట్టు చూశారు. కూతురు ముందుకొచ్చింది.

"ఈయన దిగిన ప్రతిసారీ నీకు తెలుసా నాన్నా?"

"తెలుసు తల్లీ."

"ఈయన బట్టలు ఉతుకుతూ నేను ఏడ్చినప్పుడు?"

"తెలుసు."

ఆమె వెనుదిరిగి ఇంటికెళ్లిపోయింది. ఆ రోజు నుంచి తండ్రితో మాట్లాడలేదు. కొట్టినా బాగుండేదని మేస్త్రికి అనిపించింది.

మంగలి ఒక్కడు మాత్రం తల గోక్కుంటూ, "అంటే ఇన్నాళ్లూ నా జుట్టును ఉత్తి పుణ్యానికి తిట్టారన్నమాట" అన్నాడు. ఇస్త్రీ అత్త అతని మీద గయ్యిమంది. "నీ జుట్టు సంగతి తర్వాత. మేస్త్రిని తిట్టుకుంటూ కూర్చుంటే కాంట్రాక్టరు నవ్వుకుంటాడు. వేసింది ఈయన చెయ్యే, వేయించింది ఎవరు? పదండి మున్సిపాలిటీ ఆఫీసుకి."

వెళ్లారు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. నాలుగోసారి ఇంజనీరు వచ్చి, రోడ్డు మీద మూడో మూత నుంచి నాలుగో మూతకు పరికరం పెట్టి చూసి, "వాలు సరిగ్గానే ఉందే" అన్నాడు. రోడ్డుకు వాలు ఉంది మరి. రోడ్డు కింద ఏముందో పరికరానికేం తెలుసు?

మేస్త్రి తన లెవల్ గొట్టం తెచ్చాడు. సన్నటి ప్లాస్టిక్ గొట్టం, నిండా నీళ్లు. ఒక కొస మూడో మూత దగ్గర అల్లుడు పట్టుకున్నాడు, రెండో కొస నాలుగో మూత దగ్గర మేస్త్రి. "రెండు కొసల్లోనూ నీళ్లు ఒక్క ఎత్తులోనే నిలబడతాయి సార్. ఆ నీళ్ల గీత నుంచి పైపు అడుగుదాకా కర్ర దింపి కొలవండి." ఇంజనీరే కొలిచాడు. మూడో గోతిలో తొమ్మిది అడుగులు. నాలుగో గోతిలో ఎనిమిది. కిందికి పోవాల్సిన పైపు ఒక అడుగు పైకి లేచి ఉంది. చదువురాని ఇస్త్రీ అత్తకు కూడా అర్థమైంది.

ఇంజనీరు చెమట తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు. అదే ఇంకా బాధ. "మీరు చెప్పింది నిజమే. కానీ పని పూర్తయినట్టు నాకంటే ముందున్నాయన సంతకం పెట్టేశాడు. పూర్తయిన పనిని మళ్లీ తవ్వడానికి నా దగ్గర కాగితం లేదు. పైకి రాస్తాను."

"ఎన్నాళ్లు పడుతుంది సార్?"

"చెప్పలేను."

"అప్పటిదాకా?"

"అప్పటిదాకా..." అని ఆగి, అల్లుడి కళ్లలోకి చూడకుండా, "సోమవారం శుభ్రం చేయించండి" అని సూపర్‌వైజరుకు చెప్పి వెళ్లిపోయాడు.

నిజం రుజువైతే చాలనుకున్నారు పిచ్చివాళ్లు. నిజం రుజువైంది, సోమవారం మాత్రం అలాగే ఉంది. మేస్త్రి రోడ్డు మీదే చతికిలబడ్డాడు. తను చెప్పీ లాభం లేదు, దాచీ లాభం లేదు. మొగుణ్ని చంపే గొయ్యి కట్టిన చేతుల్ని కూతురు జీవితాంతం చూస్తూ బతకాలి.

"కాగితం లేదన్నాడు గానీ గునపం లేదనలేదు కదా," అన్నాడు అల్లుడు.

ఆదివారం తెల్లవారగానే మొదలుపెట్టారు. పై రోడ్డు బంగళాల మురుగు దిగిరాకుండా మొదటి గోతిలో ఇసుక బస్తాలు కుక్కారు. రెండు రోజులు చుక్క నీళ్లు వదలకూడదని వీధిలో ప్రతి ఇల్లూ ఒప్పుకుంది. కడిగిన నీళ్లు బకెట్లలో, డ్రమ్ముల్లో దాచుకున్నారు. మూడో గోతి నీళ్లు బకెట్లతో తోడి పోశారు. నాలుగో మూత పక్కన రోడ్డు పగలగొట్టి పైపు కిందిదాకా దిగారు. బండ కనబడింది. వంతులవారీగా సమ్మెట పట్టారు. మంగలి పట్టాడు, ఇస్త్రీ అత్త పట్టింది. ఆ పాపిష్టి బండ నిప్పురవ్వలు రాల్చిందే గానీ ఓ పట్టాన కదల్లేదు. మధ్యాహ్నానికి నాలుగు వేళ్ల మందం లేచింది. పోవాల్సింది అడుగు.

నాలుగు అర్జీలకు కదలని సర్కారు నాలుగు గంటల కంపుకే పోలీసు జీపు పంపింది. బంగళాల ముంగిట్లోకి మొదటిసారి వాళ్ల మురుగే వాళ్లకు పొంగింది. ఇన్‌స్పెక్టరు దిగుతూనే, "రోడ్డు తవ్విందెవడు?" అన్నాడు. వెనక కాంట్రాక్టరు, సూపర్‌వైజరు.

"నేనే," అన్నాడు మేస్త్రి. "పైపు వేసిందీ నేనే. అది కూడా రాసుకోండి. వేయించిన ఆయన మీ వెనకే ఉన్నాడు."

తవ్వింది రాసుకున్నారు, మిగతాది రాసుకోలేదు. మేస్త్రి రెక్క పట్టి జీపులో తోశారు. దవడ తలుపుకు తగిలి రక్తం వచ్చింది. చూసినవాళ్లు చూస్తూ నిలబడ్డారు. మేస్త్రికి దేని మీదా ఆశ లేదు. ఇక పూడ్చేస్తారు. రేపు సోమవారం.

"ముందు ఆ ఇసుక బస్తాలు తియ్యండి," అని ఇన్‌స్పెక్టరు కార్మికుల మీద అరిచాడు. "ఎవరు దిగుతారు?"

ఎవరూ కదల్లేదు. మొదటి గోతిలో అప్పటికే మెడలోతు మురుగు.

"నిన్నే!" లాఠీ అల్లుడి గుండెకు తగిలింది. "దిగు!"

అల్లుడు నోరు విప్పకముందే కూతురు వచ్చి లాఠీకీ అతనికీ మధ్య నిలబడింది. "ఈయన దిగడు. ఎవరూ దిగరు. అంత తేలికైతే మీరు దిగండి సారూ. లేకపోతే సంతకాలు పెట్టినవాళ్లను దింపండి."

పదకొండుమంది కార్మికులు ఆమె పక్కకొచ్చి రోడ్డు మీద కూర్చున్నారు. ఇన్‌స్పెక్టరు కాంట్రాక్టరు వైపు చూశాడు. కాంట్రాక్టరు సూపర్‌వైజరు వైపు చూశాడు. సూపర్‌వైజరు తన బూట్ల వైపు చూసుకున్నాడు. ఊళ్లో వందల ఇళ్ల మురుగు, దిగే చేతులు ఆ పదకొండు జతలే.

"ఎక్కించండి అందర్నీ!"

కూతుర్ని కూడా ఎక్కించారు. ఆమె తండ్రి ఎదురుగా కూలబడింది. అతని దవడ మీద రక్తం చూసింది, కొంగు అందించింది. క్షమించాననలేదు. మాట మాత్రం అంది. "ఇంకా ఎంత బండ ఉంది?"

"తొమ్మిది అంగుళాలు తల్లీ."

జీపులో పట్టింది తొమ్మిదిమందే. అల్లుడూ మిగతావాళ్లూ లేచి నాలుగో మూత పక్కన తవ్విన గోతిలోకి దిగి సమ్మెట పట్టారు. దాన్ని పూడ్చడానికి కాంట్రాక్టరు తెచ్చిన యంత్రం అంచు దాకా వచ్చి, కింద మనుషుల తలలు చూసి, ఆగిపోయింది.