ఐదో డబ్బా

కొత్త సాఫ్ట్‌వేర్ చేతికొచ్చిన మనిషికి దారి చూపించడం నా ఉద్యోగం. తెర మీద పసుపు రంగు డబ్బాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఇక్కడ నొక్కండి, ఇప్పుడు అక్కడ నొక్కండి అని చెబుతాయి. ఆ మాటలు రాసేది నేనే. పెద్ద రచయిత్రిననుకునేరు, ఒక్కో డబ్బాలో ఎనిమిది మాటలు దాటకూడదు.

సకల జనుల సమ్మె జరిగిన ఏడాది, మాదాపూర్‌లోని మా కంపెనీ హౌస్‌కీపింగ్ వాళ్ల హాజరు వేసే యాప్ ఒకటి తయారుచేసింది. బయట అమ్మేముందు మన ఆఫీసులోనే వాడి చూద్దామన్నాడు మా మేనేజర్ రవికిరణ్. ఊడ్చి తుడిచే ఆడవాళ్లకు సూపర్‌వైజర్ లచ్చమ్మ. ఐదో తరగతి దాకా చదివింది. బేస్‌మెంట్‌లో ఆమె కోసం ఒక కంప్యూటర్ పెట్టాం.

ఏడు డబ్బాలు రాశాను, ఆఖరుది శభాష్ అంటుంది. ఐదోది ఇది: ‘రాని మనిషి పేరు పక్కన ఎర్ర గుర్తు నొక్కండి.’ బాణం ఎటో ఒకవైపు చూపించాలి కదా, జాబితాలో మొదటి పేరు వైపు పెట్టాను. అక్కడ నొక్కితేనే ఆరో డబ్బా వస్తుంది. పాఠంలో నొక్కింది అసలు హాజరులో పడకూడదన్న సంగతి నాకు తట్టనే లేదు. ఒక్కసారి నేర్చుకుని వదిలేసేదే కదా అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

తర్వాత సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, కొన్నాళ్లు రైళ్లూ ఆగాయి. మేమంతా ఇళ్లలో లాప్‌టాప్‌లు ముందేసుకుని కూర్చున్నాం. హౌస్‌కీపింగ్ వాళ్లకు ఆ భాగ్యం లేదు, నడిచొచ్చారు. లచ్చమ్మా, ఆమె కింద పనిచేసే అమ్మణ్ణీ హఫీజ్‌పేటలో ఒకే గల్లీలో ఉంటారు. లచ్చమ్మది సిద్దిపేట వైపు, మా ఊరి దగ్గరే. అమ్మణ్ణిది శ్రీకాకుళం. పొద్దున్నే ఇద్దరూ కలిసి బయల్దేరేవాళ్లు. దారిలో ఎవరైనా ఆపితే లచ్చమ్మే ముందుకెళ్లి, అమ్మణ్ణి నోరు తెరవకుండా చూసుకునేదట.

సమ్మె అయ్యాక అడ్మిన్ సోమేశ్వరరావుగారు యాప్‌లోంచి రానివాళ్ల జాబితా తీశారు. సమ్మె నాళ్లంతా ఒక్క రోజూ రాని మనిషి ఒక్కతే కనబడింది, అమ్మణ్ణి. ఆమె మొత్తుకుంది. కంప్యూటర్ అబద్ధం చెబుతుందా అండి అని ఆయన ఆమెను పనిలోంచి తీసేశారు. శ్రీకాకుళం మనిషి తెలంగాణ సమ్మెకు పోయిందని తీసేశారన్నమాట. క్యాంటీన్‌లో దాని మీద రెండు రోజులు నవ్వుకున్నారు.

నాకెందుకో అనుమానం వచ్చి కిందికి వెళ్లాను.

“లచ్చమ్మా, రోజూ హాజరు ఎట్లా వేస్తావో ఒకసారి చూపించు.”

ఆమె మొట్టమొదట ‘నేర్చుకోండి’ అన్న బటన్ నొక్కింది. నా డబ్బాలు వరసగా వచ్చాయి. ఐదో డబ్బా దగ్గర బాణం అమ్మణ్ణి పేరు మీద ఆగింది. లచ్చమ్మ నొక్కింది.

“అది రోజూ నొక్కుతున్నావా?”

“నొక్కకుంటె నాకు జెప్పెటోళ్లెవరు మేడం?”

“మరి అమ్మణ్ణి వచ్చింది కదా.”

“అచ్చింది. నా పక్కపొంటే నిలవడ్డది. గా డబ్బా నొక్కుమంటున్నది, నొక్కకుంటె ముంగటికి పోదాయె. ఆఖర్ల శభాష్ అంటది గద, ఇగ అదే సరిజేసుకుంటదనుకున్న.” ఆమె నా మొహం చూసి ఆగిపోయింది. “ఏమన్న తప్పు జేసిన్నా?”

లేదన్నాను. పైకొచ్చి రవికిరణ్‌కి మొత్తం చెప్పాను.

“సోమవారం కస్టమర్‌కి డెమో ఉంది మమతా,” అన్నాడు. “ఆ ఐదోది సరిచేసెయ్. మెయిల్‌లో మాత్రం పెట్టకు. లచ్చమ్మది మీ ఊరి వైపేనటగా, ఆవిడని వెనకేసుకొస్తున్నావంటారు. అసలే రోజులు బాగోలేవు.”

బాగోలేని మాట నిజమే. ఆ రోజుల్లో నేను క్యాంటీన్‌లోకి వెళితే మాటలు ఆగిపోయేవి. పది నిమిషాల్లో ఐదో డబ్బా సరిచేశాను. దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాను. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. టీ తాగి ఇంటికెళ్లాను.

ఆదివారం మాత్రం కాళ్లు హఫీజ్‌పేటకు నడిచాయి. అమ్మణ్ణి గుమ్మం ముందు డ్రమ్ములో నీళ్లు పడుతోంది. పైపు పక్కన నిలబడి జరిగిందంతా చెప్పాను. లచ్చమ్మ తప్పు లేదనీ, అది నేను రాసిన డబ్బా వల్ల జరిగిందనీ చెప్పాను. ఆమె అడ్డు రాకుండా విన్నది.

“పక్కన నడిసొచ్చి నన్ను రాలేదని ఎట్టేసిందని నానెన్ని మాటలన్నానో,” అంది. “ఆంధ్రాదాన్నని కడుపు మీద కొట్టినావు అన్నాను. లచ్చమ్మ తిరిగి ఒక్క మాటా అన్లేదు. నిలబడి ఏడిసింది.”

ఆమె డ్రమ్ములో పైపు సరిచేసి నా వైపు తిరిగింది.

“ఈ మాట ఆఫీసులో సెప్పినావా అమ్మా?”

“మా మేనేజర్‌కి చెప్పాను.”

“నన్ను తీసేసినాయనకి?”

“లేదు.”

అమ్మణ్ణి పైపు తీసి కింద పడేసింది.

“మరి నాకు సెప్తే ఏటవుద్ది? నన్ను పన్లో ఎట్టుకునేది నానా?”

సిగ్గేసింది. చాలా రోజుల తర్వాత నాకు ఏదైనా అనిపించడం అదే మొదటిసారి. రేపు చెబుతాను అన్నాను. ఆమె సరేనని తలూపింది, నమ్మింది కాబోలు.

సోమవారం డెమో నేనే చేశాను. సోమేశ్వరరావుగారు రెండో వరసలోనే కూర్చున్నారు. చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. కస్టమర్‌కి నచ్చింది, అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.